సముద్రానికో షోకాజ్ నోటీసు

కాకినాడ పక్కన ఉప్పాడలో సముద్రం కోత ఆపడానికి గోడ మళ్లీ కడతారంట, ఈసారి లెక్క వందల కోట్లలో ఉందంట. దీనికి కూడా కొందరు మొహం మాడ్చుకుంటున్నారు. నేను మాత్రం మొదట్నుంచీ గోడ పార్టీనే. నా బాధల్లా ఒక్కటే, ఇన్నేళ్లుగా గోడని తిట్టారు, కాంట్రాక్టర్ని తిట్టారు, ఇంజినీర్లని తిట్టారు గానీ అసలు ముద్దాయి సముద్రాన్ని పట్టుకుని ఒక్కడూ ఇదేంటని అడగలేదు!

రికార్డు తియ్యండి. పదిహేనేళ్ల కిందట దాదాపు 12 కోట్లు పెట్టి జియో ట్యూబ్ గోడ కట్టారు, అంటే పెద్ద పెద్ద సింథటిక్ గుడ్డ గొట్టాల్లో ఇసుక కూరి ఒడ్డు పొడుగునా పడుకోబెట్టి రాళ్లు పేర్చారన్నమాట. డ్రాయింగులో వంక పెట్టడానికేం లేదు. సముద్రం ఆ డ్రాయింగ్ చదివిందా? కింద ఇసుక లాగేసింది, ట్యూబులు కుంగి చినిగాయి, లోపల ఇసుక కూడా పట్టుకుపోయింది. 2022లో అసని తుఫాను వంక పెట్టుకుని కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు కోసేసింది, మనం ఓపిగ్గా బాగుచేసుకున్నాం, 2025లో మొంథా తుఫాను పేరు చెప్పి మళ్లీ అదే పని. ప్రభుత్వ ఆస్తుల ధ్వంసం కేసు ఇంకెప్పుడు పెడతారు?

ఇక ఆక్రమణ సంగతి. ఉప్పాడ పక్కనున్న సుబ్బంపేట, మాయాపట్నం ఊళ్లవైపెళ్లి పాతకాలం మామ్మని ఎవర్నైనా మీ ఇల్లెక్కడుండేదమ్మా అనడగండి, నీళ్లలోకి వేలు చూపిస్తది. "అదిగో బాబూ, ఆ బోటుకివతల, అక్కడే మా గుమ్మం." మామూలోడు రోడ్డు మీదకి రెండడుగులు మెట్లు కట్టుకుంటే పొద్దున్నే జేసీబీ వస్తది, ఇక్కడ సర్వే నంబర్లకి సర్వే నంబర్లే మింగేస్తుంటే కనీసం నోటీసు లేదు.

న్యాయంగా సముద్రం వాదన కూడా వినాలి కదా. దాని కంప్లయింటల్లా ఇసుక. గోదావరి తెచ్చే ఇసుకలో చాలా భాగం పైన డ్యాముల్లోనే ఆగిపోతోంది, కిందకొచ్చిన దాంట్లో బోలెడంత కాకినాడ ముందు హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బగా పోగుపడింది, ఆ దిబ్బ అడ్డం ఉండబట్టి పోర్టు హాయిగా ఉంది, దాని చాటు లేని ఉప్పాడకి ఇసుకా రావట్లేదు కెరటాలూ ఆగట్లేదు. ఇదంతా సైన్సు, టెండర్లో దీనికి కాలమ్ లేదు.

గోడకి కొట్టిన కెరటం వెనక్కి తిరిగి గోడ పాదాల దగ్గరే తవ్వుతుందనీ, గోడ ఎక్కడ ఆగితే అక్కడ్నుంచి పక్కూరు కోసుకుపోతుందనీ ఇంకో కంప్లయింటు. దీన్ని కోత అంటారేంటండీ, అభివృద్ధి వికేంద్రీకరణ అనాలి. పక్కూరికి కోత వస్తే పక్కూరికీ గోడ వస్తది, దాని పక్కూరికీ వస్తది, మనం బళ్లో బట్టీపట్టిన 974 కిలోమీటర్లూ అయిపోయేదాకా పనికి లోటుండదు.

తాబేళ్ల గొడవొకటి. ఆలివ్ రిడ్లీలు చలికాలం రాత్రుళ్లు ఒడ్డెక్కి ఇసుక తవ్వి వందకి అటూఇటూ గుడ్లు పెడతాయి, రాళ్లగుట్ట అడ్డమొస్తే గుడ్లతోనే వెనక్కి పోతాయి. ఇది పెద్ద సమస్యేం కాదు, ర్యాంపు కట్టించి ఆధార్ ఉన్నవాటికి పునరావాస ప్యాకేజీ ఇవ్వొచ్చు. మత్స్యకారులకి మాత్రం ప్యాకేజీ కష్టం. ఒడ్డంతా రాళ్లేస్తే బోటు ఎక్కడికి లాగాలి, వల ఎక్కడ ఆరేసుకోవాలి అంటారు, ఆ ఐటెం ఎస్టిమేట్లోనే ఉండదాయె.

కొంతమంది అతితెలివి బ్యాచ్ పుదుచ్చేరి చూడమంటారు. 2018లో అక్కడ తీరానికి కాస్త దూరంలో నీళ్లలో రీఫ్, అంటే మునిగుండే గట్టు, కట్టారు, కెరటం జోరు అక్కడే తగ్గి ఇసుక మెల్లగా తిరిగొచ్చింది. అంత దూరం ఎందుకు, విశాఖలో హార్బర్లో తవ్విన ఇసుకని ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు కదా అంటారు. అన్నీ బానే ఉన్నాయి, శిలాఫలకం ఎక్కడ పెడతారు? రీఫ్ ప్రారంభోత్సవానికి వీఐపీలు ఆక్సిజన్ సిలిండర్ తగిలించుకుని దిగాలా? పోసిన ఇసుక ముందు ఫొటో దిగితే ఫ్లెక్సీలో ఏం కనపడుద్ది? గోడైతే నిలబడుద్ది, కనీసం బిల్లు పాసయ్యేదాకా.

కాబట్టి గోడ కట్టాల్సిందే. నాదో చిన్న సవరణ, అంతే. టెండర్ మీటింగ్ ఏసీ రూములో వద్దు, పౌర్ణమి పోటు టైం చూసి ఉప్పాడలో పాత గోడ మిగిలిన ముక్క మీదే కుర్చీలేయించండి. సముద్రానికి ఒక కాపీ ముందే పంపాలి, అది తప్పకుండా హాజరవుతుంది, కోరం సమస్య రాదు.