పెచ్చెర్వు దాటాలి

ఇంకో ఐదు రోజుల్లో కర్నూలు నుంచి శ్రీశైలానికి కాలినడకన బయలుదేరుతున్నాను. పోయినసారి ఈ దారి పట్టింది 2018లో. వారం రోజులుగా నిద్ర సరిగా పట్టడం లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వస్తుంది. లేచి కూర్చొని కుడి మోకాలిని ఒకసారి ముడిచి, ఒకసారి చాచి, అది ఏమంటుందో వింటాను. భయంగా ఉందని నలుగురిలో అన్నప్పుడల్లా ఒకటే జవాబు వస్తుంది: "ఏమప్పా, అంత దిగులెందుకు? మల్లన్నే నడిపిస్తాడులే." నాకు కోపం తెప్పిస్తున్నది ఈ జవాబే. ఎందుకో చెప్పాలంటే నేను ఎనిమిదేళ్లుగా దాచుకున్న సంగతి ఒకటి బయటపెట్టాలి, అందుకే ఈ పోస్టు పొడవుగా ఉంటుంది.

దారి తెలియనివారి కోసం ముందు కొంచెం చెబుతాను. కర్నూలు నుంచి మేము కేజీ రోడ్డు అని పిలుచుకునే గుంటూరు రోడ్డు పట్టుకొని గార్గేయపురం, బ్రాహ్మణకొట్కూరు, నందికొట్కూరు, జూపాడుబంగ్లా, పాములపాడు మీదుగా ఆత్మకూరు చేరాలి. ఇది సుమారు డెబ్బై కిలోమీటర్ల తారురోడ్డు. అక్కడి నుంచి వెంకటాపురం, ఆ తరువాత నల్లమల అడవి: నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెర్వు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, హాటకేశ్వరం, చివరకు శ్రీశైలం. కాగితం మీద పెద్దచెరువు అని రాస్తారు కానీ నడిచేవాళ్ల నోట అది పెచ్చెర్వే. ఉగాదికి ముందు రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట, బెళగావి వైపు నుంచి కన్నడ భక్తులు వేలాదిగా ఈ దారినే వస్తారు. భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు. అడవిలోకి వెళ్తే చెంచులు కూడా ఆయన్ను తమ అల్లుడే అంటారు. ఇన్ని అత్తారిళ్లున్న దేవుడి దగ్గరికి పోయే దారి కాబట్టి, ఊరూరా అన్నానికీ మజ్జిగకూ లోటుండదు. నా భయం తిండి గురించి కాదు.

చాలామంది అనుకునేది ఏమిటంటే, ఒకసారి నడిచినవాడికి రెండోసారి భయం ఉండదని. నా అనుభవంలో అది పూర్తిగా తలకిందులు. 2018లో నాకు నలభై మూడేళ్లు, బయలుదేరే ముందురోజు రాత్రి హాయిగా నిద్రపోయాను. తెలియనిదానికి భయపడటానికి కూడా ఏదో ఒక ఆధారం కావాలి, నాకది లేదు. వారం ముందు కొన్న కొత్త బూట్లు, పెళ్లికి పోతున్నట్టు సర్దిన తొమ్మిది కిలోల సంచి, రోజూ సాయంత్రం వీధి చివరిదాకా పోయివచ్చే అలవాటు, ఇవే నా సన్నాహాలు. ఇప్పుడు అలా కాదు. ఏ మలుపు దగ్గర నీడ అయిపోతుందో, ఎక్కడి నుంచి దారి రాళ్లమయం అవుతుందో, అరికాలిలో బొబ్బ ఏ సమయానికి మొదలవుతుందో ఒంటికి తెలుసు. నా భయమంతా ఆ తెలియడంలోంచే వస్తోంది.

ఆ ఏడాది ఆత్మకూరు దాకా బాగానే నడిచాను. వెంకటాపురంలో రాత్రి పడుకొని, తెల్లవారుజామున నాలుగింటికే లేచి పోవలసిన వాళ్లం, టీ తాగి, ఫొటోలు తీసుకొని, పొద్దు బాగా ఎక్కిన తరువాత అడవిలో కాలు పెట్టాము. మార్చి నెలలో నల్లమల అంటే పచ్చటి అడవి అనుకునేవారు ఒకసారి వచ్చి చూడాలి. చెట్లు ఆకులన్నీ రాల్చి మోడుల్లా నిలబడి ఉంటాయి, ఎండ నేరుగా నెత్తిన పడుతుంది, కింద రాలిన ఆకుల మీద కాలు జారుతుంది. నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర కాసేపు కూర్చున్నప్పుడే మడమలో మంట మొదలైంది, కానీ తోటివాళ్లందరూ నాకంటే చిన్నవాళ్లు, వాళ్ల ముందు బూటు విప్పి చూసుకోవడానికి నామోషీ అనిపించింది. దామెర్లకుంట దాటేసరికి రెండు మడమలూ చితికిపోయాయి. నీళ్లు సీసాలకు సీసాలు తాగాను కానీ ఉప్పూ చక్కెరా లేని ఉత్త నీళ్లు తాగితే చెమటతో పోయింది తిరిగి రాదన్న సంగతి అప్పటికి తెలియదు. పిక్కలు రాయిలా బిగుసుకున్నాయి. మిగతా వాళ్లను "మీరు పోండి, నేను మెల్లగా వస్తాను" అని పంపించేశాను.

అప్పుడు నా పక్కన నడిచింది బాగల్‌కోట వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో, కాళ్లకు చెప్పులు లేవు, తలమీద చిన్న గంటుమూట. నేను ఆగిన ప్రతిచోటా తానూ ఆగి, మూటలోంచి ఎండు జొన్నరొట్టె విరిచి, బుడ్డల పొడి అద్ది నా చేతిలో పెట్టి, "మల్లయ్య నడసతాన" అనేది. మల్లయ్య నడిపిస్తాడని. పెచ్చెర్వు గూడెం దాకా ఆ మాట మీదే వచ్చాను. అక్కడ వందల మంది విడిది చేసి ఉన్నారు, అన్నదానం జరుగుతోంది, నీళ్లు దింపిన ట్రాక్టరు ఒకటి ఖాళీగా వెంకటాపురానికి తిరుగుముఖం పట్టింది. ఆవిడ చేతులు కడుక్కోవడానికి పోయిన ఆ రెండు నిమిషాలలో నేను ఆ ట్రాక్టరు ఎక్కాను. చెప్పి ఎక్కలేదు. ఆవిడ తిరిగి వచ్చి నాకోసం వెదికిందో లేదో నాకు తెలియదు, ఎనిమిదేళ్లుగా నన్ను తొలుస్తున్నది మడమల బొబ్బలకంటే ఇదే.

అవును, నేను నడిచి శ్రీశైలం చేరలేదు. ఆత్మకూరులో ఒక పూట పడుకొని, దోర్నాల మీదుగా బస్సులో పోయాను. దారిలో శిఖరేశ్వరం దగ్గర బస్సులోని వాళ్లంతా లేచి చేతులు జోడించారు. శిఖరం చూస్తే పునర్జన్మ ఉండదంటారు కదా, నాకు మాత్రం ఆ క్షణంలో, పునర్జన్మ సంగతి ఎలా ఉన్నా ఈ దారికి మాత్రం మళ్లీ రావలసి ఉంటుందని అనిపించింది. రథోత్సవం అయిపోయిన తరువాత చేరాను. ఆ ఏడాది పేరు విళంబి నామ సంవత్సరం, పేరుకు తగ్గట్టే ఆలస్యమైంది. ఇంటికి వచ్చాక వీధిలో వాళ్లు కాళ్లకు నీళ్లు పోసి పసుపు రాశారు. నడిచి వచ్చాడని అందరూ అన్నారు. నేను కాదనలేదు. మా అమ్మ ఇంటికి వచ్చిన ప్రతివారికీ "మా పిల్లోడు కర్నూలు నుంచి నడిచి పోయినాడు" అని చెబుతూ వచ్చింది, అదీ వింటూ ఊరుకున్నాను.

మరి ఇప్పుడు, ఈ సంగతి తెలియని మనిషి వచ్చి, సోఫాలో కూర్చొని, కాఫీ తాగుతూ "మల్లన్నే నడిపిస్తాడు" అంటే నాకెలా ఉంటుందో ఆలోచించండి. అంటే పోయినసారి ఆయన నన్ను నడిపించలేదనా? నా భక్తి ట్రాక్టరు దాకా సరిపోయి, భీముని కొలను దాకా చాలలేదనా? ఆ మాట నోటితో అనరు కానీ, భయపడటం అంటే నమ్మకం తక్కువ కావడమేనన్న తీర్పు ఆ ఓదార్పు లోపల ఉంటుంది. దాని తరువాత ఇక మాట్లాడటానికి ఏమీ మిగలదు. మోకాలి గురించి అడగబోయినవాడు నోరు మూసుకుంటాడు. నేను 2018లో నాగలూటి దగ్గర బూటు విప్పకపోవడానికి కారణం కూడా సరిగ్గా ఇలాంటి నోరు మూసుకోవడమే.

అదే మాట ఆ ముసలావిడ అన్నప్పుడు నాకు కోపం రాలేదు, పైగా ఆ మాట పట్టుకొని నాలుగైదు కిలోమీటర్లు నడిచాను. తేడా ఎక్కడుందా అని చాలాకాలం ఆలోచించాను. ఆవిడ మూటలో వారానికి సరిపడా ఎండురొట్టెలున్నాయి. అరికాళ్లకు రాసుకోవడానికి నూనె సీసా ఉంది. ఏ కుంటలో నీళ్లుంటాయో, ఏ చెట్టు కింద కూర్చోవచ్చో, ఎండ ఎక్కకముందే ఎంత దూరం పోవాలో ఆవిడకు ఏళ్లనాటి లెక్క. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, మధ్యాహ్నం అందరికంటే ముందు ఆగి, చల్లబడ్డాక మళ్లీ లేచే నడక ఆవిడది. తాను చేయవలసిందంతా చేసి, చేతిలో లేనిదాన్ని మాత్రమే మల్లయ్యకు వదిలింది. మన ఊళ్లో ఈ మాట అనేవారిలో ఎక్కువమంది అంతా ఆయనకే వదిలి, సంచి కూడా ఆయనే సర్దాలన్నట్టు మాట్లాడతారు. నడవనివారు అనడం మరీ సులువు.

దీనికి అవతలి కొసన ఇంకొక రకం మనుషులున్నారు. వెంకటాపురం నుంచి కొండ దాకా ఒక్క రోజులో కొట్టేశామని, చేతి గడియారంలో అడుగుల లెక్క చూపిస్తారు. వాళ్ల గురించి ఎక్కువ చెప్పను. భయం లేకపోవడం వాళ్లకు వయసిచ్చిన వరం, వాళ్లు దాన్ని తమ గొప్ప అనుకుంటున్నారు, అంతే.

ఇక ఈసారి నా సన్నాహాలు. నాలుగు నెలలుగా కేసీ కాలువ గట్టు మీద తెల్లవారుజామున నడుస్తున్నాను, మొదట ఐదు కిలోమీటర్లు, ఇప్పుడు పదిహేను. ఆదివారాలు జగన్నాథగట్టు ఎక్కి దిగుతున్నాను. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగకుండా తరలించి కట్టిన పాత గుడి ఒకటి ఆ గట్టు మీద ఉంది. దాని మెట్ల మీద కూర్చొని మోకాలికి పట్టీ సరిచేసుకుంటూ, రాళ్లన్నీ విప్పి, అంకెలు వేసి, మళ్లీ పేర్చి ఒక గుడినే కదిలించగా లేనిది నా మోకాలు ఒక్కటి కదలదా అని నవ్వుకుంటాను. బూట్లు ఆరు నెలల పాతవి. సంచి నాలుగు కిలోలు దాటలేదు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం లెక్కకు మించి పెట్టాను. నాకు షుగరు వచ్చి మూడేళ్లయింది, చెప్పులు లేకుండా నడిచే మాటే వద్దని, షుగరు ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గి పుండు పడినా తెలియకపోవచ్చని, ప్రతి రాత్రీ అరికాళ్లు అద్దంలో చూసుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పారు. ఉత్తకాళ్లతో పోతేనే పుణ్యం అనే పెద్దలకు ఆ డాక్టరు నంబరు ఇవ్వాలని ఉంది.

ఇవన్నీ చేసినా భయం తగ్గలేదు, దాని జాగా మారిందంతే. ఆ దారి ఎప్పుడంటే అప్పుడు పోయివచ్చేది కాదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది, శివరాత్రి, ఉగాది వంటి పండుగ రోజుల్లో తప్ప ఆ కాలిబాటను యాత్రికులకు తెరవరు. ఈసారి కూడా ఆగిపోతే "వచ్చే ఆదివారం చూద్దాం" అనడానికి వీలుండదు. 2020లో ఇలాగే అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆ ఏడు ఉగాది మార్చి 25, దేశమంతా లాక్‌డౌన్ మొదలైనదీ ఆ రోజే. ఆ తరువాతి సంవత్సరాలలో అడ్డు వచ్చింది మాత్రం నా సాకులే, ఆ నేరం ఎవరి మీదా వేయను. ఇప్పుడు చూస్తే, రాబోయేది పరాభవ నామ సంవత్సరం. విళంబిలో ఆలస్యమైనవాడికి పరాభవలో ఏమవుతుందని మా బావమరిది అడిగి మరీ నవ్వాడు. సంవత్సరాలకు పేర్లు పెట్టినవారు నా సంగతి కొంచెం ఆలోచించి ఉండవలసింది.

నిజం చెప్పాలంటే భీముని కొలను లోయ గురించి గానీ, అక్కడి నుంచి కైలాసద్వారానికి ఎక్కే రాతిమెట్ల గురించి గానీ నాకు అంత భయం లేదు. అవి నేను చూడనివి, చూడనివాటిని ఎలా భయపడాలో నాకు ఇప్పటికీ సరిగా రాదు. రాత్రి మూడింటికి కళ్లముందు నిలిచేది పెచ్చెర్వు. అక్కడ మధ్యాహ్నం వేళ ట్రాక్టర్లు నిలబడి ఉంటాయి, ఒకటి ఖాళీగా వెనక్కి బయలుదేరుతుంది. కాళ్లు బాగున్నా సరే, అలవాటైన కాలు దాని మెట్టు మీదికి లేస్తుందేమోనని నా భయం. అందుకే తోటివాళ్లతో ముందే చెప్పాను: పెచ్చెర్వులో నన్ను ఒంటరిగా వదలవద్దు, నేను పొమ్మన్నా పోవద్దు. ఎందుకని అడిగారు. పోస్టులో చెబుతానన్నాను.

ఇది పెట్టే ముందు మా అమ్మకు చదివి వినిపించడం న్యాయం అనిపించి, ఈ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకొని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అయిపోయిన తరువాత చాలాసేపు వక్కలు కత్తిరిస్తూ కూర్చొని, చివరికి అడిగింది:

"ఆ ట్రాక్టరాయప్ప ఎంత తీసుకున్యాడు?"

"నూరు రూపాయలమ్మా."

"నూరు రూపాయలా! నడిచి పోయింటే మిగిలేటివి గదరా" అని లోపలికి పోయి, పొయ్యి మీద పెనం పెట్టింది. ఎండురొట్టెలకు పిండి ఈ రాత్రికే కలపాలట.