42.34 మీటర్లు: గొంతా, సెట్టా?

(విశాఖ మద్దిలపాలెంలో ఒక డాబా. హ్యామ్ రేడియోకి (సరదాకి లైసెన్సుతో నడిపే సొంత వైర్‌లెస్) తీగ ఏరియల్ కడుతూ బాబాయి, అన్న కూతురు. మాట 1942 క్విట్ ఇండియా రోజుల్లో ఉషా మెహతా జట్టు బొంబాయిలో రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియో మీదికి మళ్లింది.)

బాబాయి: ఉషా మెహతా గొప్పదేనమ్మా, కాదన్ను. కానీ ఆవిడ చేసింది రేడియోలో వార్తలు చదవడమే. ప్రసారం చేసే సెట్టు కట్టినవాడు వేరు, ఒక టెక్నీషియన్. దానికి సామాను ఇచ్చింది చికాగో రేడియో కంపెనీ నానక్ మోత్వానీ. సెట్టు లేనిదే రేడియో ఏటి?

అమ్మాయి: వాళ్ల ప్రసారం 42.34 మీటర్ల తరంగం మీద. ఫ్రీక్వెన్సీ ఎంతో లెక్కెయ్యి బాబాయ్.

బాబాయి: 7.08 మెగాహెర్ట్జ్. అరె, మన హ్యామ్‌ల 40 మీటర్ల బ్యాండే!

అమ్మాయి: దానికి అటు 33 అడుగులు, ఇటు 33 అడుగులు తీగ లాగడానికే మనం పొద్దుట్నుంచి చస్తున్నాం. కింద వీధిలో ఇద్దరు అడిగారు కూడా, అదేటని. యుద్ధం రాగానే హ్యామ్ లైసెన్సులన్నీ రద్దైన కాలంలో, ఊరి నడుమ దొంగ స్టేషన్ ఎలా దాస్తారు?

బాబాయి: దాచలేరు. పోలీసులు లూప్ ఏరియల్ (చుట్టలా ఉండే ఏరియల్) తిప్పుతూ పోతే ఒక దిక్కున శబ్దం సన్నగిల్లుతుంది. రెండు చోట్ల నుంచి గీతలు గీస్తే అవి కలిసిన చోటే ఇల్లు. అందుకే మకాం మార్చేవారు.

అమ్మాయి: మకాం మార్చడం చిన్న పనా? ట్రాన్స్‌ఫార్మర్ మొయ్యాలి, గాజు వాల్వులు పగలకూడదు. కొత్త చోట ట్యూనింగ్ కుదరలేదో, వాల్వు ప్లేటు ఎర్రగా కాలిపోతుంది. ఒక్కతే చేసిందనను, విఠల్‌భాయ్ ఝవేరీ, బాబూభాయ్ ఖాకర్ లాంటివాళ్లు ఉన్నారు. కానీ 22 ఏళ్ల పిల్ల ఆ జట్టుని నడిపింది.

బాబాయి: ఆగస్టు 27 నుంచి నవంబర్ 12 దాకా, రెండున్నర నెలలు. అది వినే షార్ట్‌వేవ్ రేడియోలు ఎన్ని ఇళ్లలో ఉండేవని?

అమ్మాయి: తక్కువే, ఒప్పుకుంటా. కానీ నాయకులంతా జైల్లో, పత్రికల మీద సెన్సారు. చిట్టగాంగ్ బాంబుల సంగతి, జంషెడ్‌పూర్ సమ్మె ఎవరు చెప్తారు? అన్నట్టు, అందరికంటే శ్రద్ధగా విన్నది పోలీసులే. వాళ్లు రాసి పెట్టుకోబట్టే ఆ వార్తలు ఇప్పుడు మనకి దొరికాయి.

బాబాయి: చివరికి లూప్‌కే దొరికారుగా?

అమ్మాయి: లూప్‌కి కాదు. పోలీసులకి దారి చూపింది టెక్నీషియన్. నువ్విందాకా నెత్తిన పెట్టుకున్నావే, ఆ సెట్టు కట్టినవాడు! పట్టుకునేలా ఉన్నారని తెలిసీ ఉషా మెహతా ఆ సాయంత్రం ప్రసారానికి వెళ్లింది. నెలల తరబడి ప్రశ్నించినా నోరు విప్పలేదు. నాలుగేళ్ల శిక్ష, యెరవాడ జైల్లో.

బాబాయి: ...ఆ కొస గట్టిగా పట్టుకో. నడుమ వేలాడిపోతోంది.