పొటాషియం పెరిగాక రండి

అమెరికా ఆరోగ్య చట్టాలను అందరూ తిడతారు గానీ, వాటి వెనకున్న దూరదృష్టిని ఒక్కరూ మెచ్చుకోరు. 2009 సెప్టెంబర్‌లో ఒబామా, కాగితాల్లేని వలసదారులకు తన ఆరోగ్య బీమా సంస్కరణ వర్తించదని సభలో చెబుతుంటే జో విల్సన్ అనే సభ్యుడు 'అబద్ధం' అని అరిచాడు. ఆ విల్సన్ మనసు నొప్పించకూడదనుకున్నారో ఏమో, 2010లో చట్టం వచ్చేసరికి వాళ్లకి సబ్సిడీ లేకపోవడమే కాదు, ప్రీమియం మొత్తం సొంత డబ్బుతో కడతామన్నా ప్రభుత్వ ఇన్సూరెన్స్ బజారైన మార్కెట్‌ప్లేస్‌లో ఇన్సూరెన్స్ అమ్మకూడదని రాసేశారు. వాళ్ల జీతంలోంచి, ముసలివాళ్ల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ పన్ను కోసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదులెండి.

అలాగని దయ లేదనుకునేరు! ప్రాణం మీదికొస్తే ఎమర్జెన్సీలో ఎవరినైనా చూడాల్సిందేనని 1986 నుంచీ చట్టముంది. కిడ్నీలు పోయినవాడికి సాధారణంగా వారానికి 3 సార్లు డయాలసిస్ కావాలి. టెక్సాస్ లాంటి చోట్ల కాగితాల్లేని చాలామందికి అది దొరకదు, ఎందుకంటే అప్పటికింకా చావట్లేదు కదా. ఇంటికెళ్లి, ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక, పొటాషియం గుండెని ఆపేంత పెరిగాక రావాలి. రక్తపరీక్షలో ఆ స్థాయి కనిపించకపోతే వెనక్కి పంపేస్తారు, ఇంకాస్త ముదిరాక రావాలన్నమాట. మామూలు డయాలసిస్‌ కన్నా దీనికి ఎన్నో రెట్లు ఖర్చు, ఆ బిల్లులో చాలా భాగం ఎమర్జెన్సీ మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ బీమాలో అత్యవసర భాగం) పేరుతో మళ్లీ ప్రభుత్వమే కడుతుంది. అయినా పట్టుదల ముందు డబ్బెంత! కొలరాడో మాత్రం 2019లో లెక్కలు చూసుకుని, మామూలు డయాలసిస్ ఇచ్చేసి పరువు తీసింది.

కాగితాలున్నవాళ్లనీ చిన్నచూపు చూడలేదు. 1996 చట్టం పుణ్యమా అని గ్రీన్ కార్డు వచ్చాక కూడా చాలామందికి 5 ఏళ్లదాకా మెడికెయిడ్ రాదు. ఇక అంతకుముందు నుంచే ఉన్న రూలు ప్రకారం, అక్కడ పనిచేసిన రికార్డు లేని ముసలివాళ్లు డబ్బు కట్టి మెడికేర్‌లో చేరాలన్నా 5 ఏళ్లు ఆగాల్సిందే. పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు ఈ సంగతి తమ బీపీకీ షుగరుకీ నచ్చజెప్పుకోవాలి. ఇన్నాళ్లూ, దారిద్ర్యరేఖ కిందున్నా ఇలా మెడికెయిడ్ అందనివాళ్లకి ఒబామాకేర్ (అదే, ఆ 2010 చట్టం) సబ్సిడీ ఇచ్చేవారు. 2025 చట్టం దాన్నీ తీసేసింది. 2026 జనవరి నుంచి వాళ్లకి సాయం అందాలంటే మరీ అంత పేదగా ఉండకూడదు.

'దొంగదారిన వచ్చినవాళ్లకి మన పన్నులతో వైద్యమేంటండీ' అని వాట్సాప్‌లో ఊగిపోయే అన్నయ్యగారు ఒకాయన, మొన్న అదే గ్రూపులో మెసేజ్ పెట్టారు: 'నాన్నగారికి గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లే అయింది, తక్కువలో ప్లాన్ ఏమైనా ఉందా? అర్జెంట్.'