మా రొయ్యల బండి మేలు కదండీ

శీతాకాలమంతా కశ్మీర్ కొండల్లోని గుల్‌మర్గ్‌లో స్కీయింగ్ (మంచు మీద జారే ఆట) చేస్తూ బండిలోనే కాపురం ఉండాలంటే పాత బస్సు కొనమన్నారు మీ వ్యాసంలో. మాది భీమవరం అండీ, మంచు అంటే ఐస్ ఫ్యాక్టరీలో చూసిందే! అయినా ఒక మాట. బస్సుకి చుట్టూ అద్దాలూ రేకే, వేడి నిలవదు. మా రొయ్యలు తీసుకెళ్లే కంటైనర్ లారీ గోడల్లో పఫ్ (వేడిని ఆపే నురగ) ఉంటుంది. బయటి ఎండని లోపలికి రానివ్వని గోడ, లోపలి వేడినీ బయటికి పోనివ్వదు. పాతది కొని (వాసన వదిలించడం మీ ఓపిక) కిటికీలు కోయించుకోవచ్చు. మార్పులు మాత్రం ఆర్‌సీలో ఎక్కించాలి.

అసలు బాధ చెమ్మతో. ఊపిరీ, వంట ఆవిరీ, తడిసిన స్కీ బట్టలూ కలిసి గోడలు కారతాయి, ముసురు పట్టినప్పుడు మా ఇళ్లు బూజెక్కినట్టు. పైన గాలి పోయే దారి ఉండాల్సిందే. వెచ్చదనానికి గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపల చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు, మళ్లీ లేవరు. పొగ బయటికి వదిలే డీజిల్ హీటర్ పెట్టించుకోండి.

మామూలు డీజిల్ గట్టి చలికి గడ్డకడుతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం తెచ్చిన శీతాకాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది.

కింద ఉన్న టంగ్‌మర్గ్ ఊరి నుంచి పైకి గుల్‌మర్గ్‌కి ఘాట్ రోడ్డు, మంచు పడితే చక్రాలకి గొలుసులు కట్టాలి. అక్కడ పొడుగు బస్సు మలుపు తిప్పడమంటే మా ఏటిగట్టు మీద లారీ వెనక్కి తిప్పినట్టే.