ఖాళీ కాగితం మీద సంతకం ఇంటికి రక్ష కాదు

“అయిదేళ్ల పనికి విదేశం వెళ్తున్నారా? ఇల్లు ఇలా సర్దుకోండి” అనే ఏడు అంశాల సందేశం శ్రీకాకుళం జిల్లా కవిటి, కంచిలి, సోంపేట వైపు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పంపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ వెల్డింగు పనికో ఫిట్టింగు పనికో బయలుదేరే కుర్రవాళ్లు దీన్ని నమ్మితే నష్టపోయేది ఇంట్లో మిగిలే ఆడవాళ్లూ ముసలివాళ్లూ కనుక జవాబు రాయక తప్పడం లేదు.

ఊరగాయ ఎంత పట్టుకెళ్లాలి, ఏ వారం ప్రయాణం మంచిది అన్న మొదటి రెండు అంశాలు ఎవరి ఇష్టం వారివి.

ఏజెంటుకు రెండు లక్షలు ఇవ్వడం మామూలేనని, ఇంట్లో బంగారం కుదువపెడితే ఆరు నెలల్లో విడిపించుకోవచ్చని మూడవ అంశం. ఎవరికి మామూలు? లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. లైసెన్సు సంగతి విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మొదటి జీతం చేతికి రాకముందే తాకట్టు వడ్డీ మొదలవుతుందన్న సంగతిని మాత్రం సందేశం ఎక్కడా చెప్పదు.

పాత సేవింగ్స్ ఖాతాను బ్యాంకుకు చెప్పకుండా వాడుకోవచ్చన్న నాలుగవది కూడా తప్పే. పనికోసం దేశం విడిచినవారు ఆ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశాల్లో ఉండేవారికి ఇక్కడుండే రూపాయల ఖాతా) మార్పించుకోవాలి.

అయిదవ అంశం చదివినప్పుడు నా ఓపిక నశించింది. ఆడవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగలేరు కాబట్టి తమ్ముడికో బావమరిదికో జనరల్ పవర్ (అన్ని పనులూ మన తరఫున చేసే అధికారపత్రం) రాసి, సంతకం చేసిన ఖాళీ చెక్కులూ ఖాళీ స్టాంపు కాగితాలూ వారి చేతిలో పెట్టి వెళ్లమంటుంది. కింద సంతకం, పైనంతా తెలుపు ఉన్న ఆ కాగితం మీద రేపు ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు: అప్పు పత్రం రాయవచ్చు, జీడితోట అమ్మకపు ఒప్పందం రాయవచ్చు. ఖాళీ చెక్కులో అంకె వేసి బ్యాంకులో వేసినవాడు వేరొకడైనా, అది చెల్లకపోతే కేసు పడేది సంతకం చేసినవాడి మీదనే. శిక్ష రెండేళ్ల జైలు దాకా ఉండవచ్చు. సెలవుకు వచ్చిన మనిషి పిల్లలతో గడపకుండా కోర్టు మెట్లు ఎక్కాలా? జనరల్ పవర్‌లో సాధారణంగా అమ్మే హక్కు, తనఖా పెట్టే హక్కు కూడా రాస్తారు. విదేశం నుంచి దాన్ని రద్దు చేయించాలంటే మన రాయబార కార్యాలయం చుట్టూ తిరగాలి. పైగా రాసినవాడు చనిపోతే ఆ పవర్ కూడా సాధారణంగా అంతటితో పోతుంది. అంటే ఇంటికి నిజంగా దిక్కు కావలసిన రోజున అది పనికిరాదు. కొబ్బరికాయల డబ్బు వసూలు, పన్నుల చెల్లింపు వంటి నిర్దిష్టమైన పనులకు స్పెషల్ పవర్ రాయించి రిజిస్టరు చేయిస్తే సరిపోతుంది. దాన్ని ఇల్లాలి పేరనే రాయించాలి. నెలనెలా పిల్లల ఫీజులు కట్టి, అప్పులవాళ్లకు సమాధానం చెప్పి, తుఫానుకు లేచిపోయిన రేకులు కప్పించే మనిషికి ఆఫీసుకు వెళ్లడం చేతకాదనడం ఆమెను అవమానించడమే.

బీమా దండగ, కంపెనీయే చూసుకుంటుందని ఆరవ అంశం. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే వచ్చేది 10 లక్షలు. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు వెళ్లేవారికి అది తప్పనిసరి కూడా. నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో బయలుదేరేలోపే చూసుకోవాలి.

చివరి అంశాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అమ్మానాన్నలకు కిడ్నీ జబ్బు ఉంటే ఏ ఆసుపత్రికి, ఎవరు, ఏ బండిలో తీసుకువెళ్లాలో ముందే కాగితం మీద రాసి ఇంట్లో ఉంచమంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఇంతకన్నా అవసరమైన సలహా లేదు. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు పడుతుంది, వాయిదా వేయడానికి వీలులేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చినా, గుమ్మం నుంచి అక్కడిదాకా తోడు వెళ్లే మనిషి కావాలి. అయిదవ అంశాన్ని పూర్తిగా తీసివేసి, ఈ ఏడవదాన్ని మొదటికి తెచ్చి పంపండి.