ఎనిమిది నెలల కడుపునొప్పి

అక్క ఫోన్ చేసేసరికి న్యూజెర్సీలో రాత్రి పదకొండు, వైజాగ్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర. "ఒరేయ్, మళ్ళీ కడుపునొప్పి అంటున్నాడురా. కాలేజీకి వెళ్ళనంటున్నాడు. స్కానింగ్‌లో ఏమీ లేదంటారు, మరేటి చెయ్యమంటావు?"

మా మేనల్లుడు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. పదో తరగతి దాకా సాయంత్రమైతే బ్యాటు పట్టుకుని వీధిలోకి పరిగెత్తినవాడు. ఆ ఎనిమిది నెలల్లో వాడికి రెండు స్కానింగులు, ఒక ఎండోస్కోపీ అయ్యాయి, రక్తపరీక్షలకైతే లెక్కే లేదు. ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో గ్యాస్ అన్నారు, ఇంకోచోట అల్సర్ మొదలవుతోందేమో అన్నారు. రాత్రి నిద్ర పడుతోందా బాబూ అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ నేను అడిగింది ఒకటే, "వీకెండ్ టెస్టులో ఎంతొచ్చిందిరా?"

చివరికి దారి చూపించింది అక్కావాళ్ళ ఎదురింట్లో ఉండే రిటైర్డ్ నర్సుగారు. వాడితో గంటసేపు కూర్చుని మాట్లాడి, బయటికొచ్చి, "కడుపులో ఏమీ లేదమ్మా, చినవాల్తేరు తీసుకెళ్ళు" అన్నారు.

చినవాల్తేరు అంటే ఏమిటో వైజాగ్‌వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది అక్కడే. హైదరాబాద్‌వాళ్ళకు ఎర్రగడ్డ ఎలాగో మాకు అది అలాగ. చిన్నప్పుడు ఎవరైనా తిక్కగా మాట్లాడితే "నిన్ను చినవాల్తేరు పంపించాలిరా" అనేవాళ్ళం. ఆ మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను. ముప్పై ఏళ్ళ తర్వాత అదే మాట ఎదురింటావిడ నోట, వైద్యం సలహాగా, మా ఇంటి గడపలోకి వచ్చింది.

అక్క ఆటో మాట్లాడుకుంటుంటే "పిచ్చాసుపత్రికాండి?" అన్నాడట అతను, స్టాండులో నలుగురూ వినేలా. మావాడు తలొంచుకున్నాడు. కాదు, ఆ పక్క వీధిలో చుట్టాలింటికి అని చెప్పి, ముందే దిగిపోయి, ఎండలో నడిచి వెళ్ళారు తల్లీకొడుకులు. లోపల డాక్టరుగారు తొందరపడకుండా అన్నీ అడిగారు. డిప్రెషన్, దానితోపాటు యాంగ్జయిటీ అన్నారు. బిళ్ళలు రాశారు, వారం వారం సైకాలజిస్టు దగ్గరికి రమ్మన్నారు. ఆ బిళ్ళలు అక్క తన వీధి చివరి మందుల షాపులో కొనలేదు. ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబ దాకా బస్సులో వెళ్ళి, ఆసుపత్రి పేరు కనపడకుండా చీటీ పైభాగం లోపలికి మడిచి, ముక్కూమొహం తెలియని షాపులో ఇచ్చి తెచ్చుకుంది. నెలనెలా అంతే. నేను సెలవుల్లో వెళ్ళినప్పుడు ఆ చీటీ చూశాను. మడతపెట్టిన చోట కాగితం అరిగి చిరుగుపట్టింది.

ఇదంతా వాడు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఇప్పుడు డిగ్రీలో ఉన్నాడు, బాగున్నాడు.

అక్క నాకు చినవాల్తేరు సంగతి చెప్పినప్పుడు నా నోటినుంచి వచ్చిన మొదటి మాట "ఎవరికీ చెప్పకు". అక్క పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి బయటపడితే ఎలా అన్నది నా భయం. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. ఎందుకంటే మనలో చాలామందిమి అదే మాట అంటాం. పైగా అమెరికాలో ఉన్నవాడు చెప్పాడంటే ఊళ్ళో దానికి రెట్టింపు విలువ. పద్దెనిమిది నిండని పిల్లల వైద్యానికి తల్లో తండ్రో ముందుకు రావాల్సిందే కాబట్టి, పెద్దల నోరు మూతపడితే పిల్లలకు దారి మూసుకుపోయినట్టే.

దేశంలో పరిస్థితి చిన్నదేమీ కాదు. 2022లో ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఏడుగురికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. అయితే వైజాగ్ మరీ అంత ఎడారి కాదు. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. చికిత్స ఊళ్ళోనే ఉన్నప్పుడు కూడా మావాడికి ఎనిమిది నెలలు పట్టింది. పాడేరు నుంచో అరకు నుంచో వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లలకు ఎదురింటి నర్సుగారు ఎక్కడ దొరుకుతారు?

ఆ నర్సుగారి లాంటి మనిషి ప్రతి కాలేజీలో, ప్రతి హాస్టల్లో ఉండాలి. ఇది నా కోరిక మాత్రమే కాదు. 2023లో మన వైజాగ్‌లోనే, నీట్ కోచింగ్ కోసం వచ్చి హాస్టల్లో ఉంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆ కేసులోనే 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒక్కరిని పెట్టుకోవాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. అందరి ముందూ పిల్లలను అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాలి. మన ఊరి బిడ్డ కాకపోయినా మన ఊళ్ళో పోయిన బిడ్డ. ఆ తీర్పు అమలయ్యేలా చూడాల్సిన బాధ్యత అందరికంటే ముందు వైజాగ్‌వాళ్ళ మీద ఉందని నేను నమ్ముతున్నాను.

కౌన్సెలర్‌ను పెట్టినంత మాత్రాన చికిత్స పూర్తయినట్టు కాదు. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు పనిచేయడం మొదలుపెట్టాలంటే రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. వారం వేసి "ఏమీ తేడా లేదు" అని ఆపేసేవాళ్ళు ఎంతమందో. పాతికేళ్ళలోపు వాళ్ళను మందు మొదలుపెట్టిన కొత్తలో దగ్గరుండి కనిపెట్టుకోవాలి. అమెరికాలో ఆ మందుల సమాచార పత్రంలోనే, గీతల గడిలో ప్రత్యేకంగా ఈ హెచ్చరిక ఉంటుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స, అంటే సీబీటీ, సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై వారాలు సాగుతుంది. మావాడు నాలుగో వారం మానేస్తానన్నాడు. ఐదో వారం అక్క బతిమాలి తీసుకెళ్ళింది. ఏడో వారం వాడంతట వాడే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడట. అక్క ఆ సంగతి చెబుతూ ఫోన్‌లో ఏడ్చేసింది. కూలికి వెళ్ళే తల్లికి పన్నెండు వారాలంటే పన్నెండు రోజుల కూలి, బస్సు చార్జీలు అదనం. పిల్లలు మధ్యలో మానేయడానికి అసలు కారణం చాలాసార్లు అదే.

అందుకే అమెరికాలో ఉన్న మనవాళ్ళ సంఘానికి నా విన్నపం. ఏటా ఊళ్ళకు మనం పంపే విరాళాలు చూడండి. తరగతి గదులు, బెంచీలు, ఆర్వో ప్లాంట్లు, కంటి శిబిరాలు. అన్నీ మంచివే. కానీ గోడమీద పేరు రాయించుకోగల వాటికే మన డబ్బు ఎక్కువగా వెళుతోంది. ఒక మనిషికి నెలనెలా జీతం ఇవ్వడానికి మనం ముందుకు రాం, అది ఫోటోలో కనపడదు కనక. ఈసారి వైజాగ్‌లో మూడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలను ఎంచుకుని, మూడేళ్ళపాటు ముగ్గురు సైకాలజిస్టుల జీతాలు మనం భరిద్దాం. ఏడాదికో శిబిరం పెట్టి చేతులు దులుపుకుంటే ఈ జబ్బుకు పనికిరాదు, అదే ముఖం వారం వారం కనపడాలి. ఆసుపత్రికి వెళ్ళాల్సిన పిల్లలకూ తోడు వచ్చేవాళ్ళకూ దారి ఖర్చులు, పోయిన కూలి ఇద్దాం.

డబ్బుతో పనిలేనివి కూడా ఉన్నాయి. భారత ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ రోజే మీ అన్నయ్యకో, వదినకో, మేనకోడలికో పంపండి. ఇక్కడ అమెరికాలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు 988 హెల్ప్‌లైన్ ఉంది, ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. ఇండియాలో ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు తమ పాలసీ కాగితం బయటికి తీయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీరపు జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి.

కార్యవర్గం వచ్చే సమావేశంలో ఈ ప్రతిపాదన చర్చకు పెట్టమని కోరుతూ ఉత్తరం ఇచ్చాను. మొదటి కాలేజీ సైకాలజిస్టు మొదటి ఏడాది జీతంలో సగం నేను ఇస్తాను. మిగతా సగానికి, మిగతా రెండు కాలేజీలకు ఎవరైనా కలిసొస్తారా?