రీమాస్టర్ చేసిన పెద్దనాయన పెండ్లి

సమీక్షకుడికి నిజాయితీ ముఖ్యం కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. 'ఆడమ్స్ ఫ్యామిలీ వ్యాల్యూస్' సినిమాను ఇరవై ఏళ్ల కిందటే కర్నూలులో అద్దె వీసీడీ తెచ్చుకుని చూశానని చాలామంది దగ్గర గొప్పలు పోయాను. నిజానికి చూడలేదు, విన్నాను. వీసీడీలో ఒక్కో బొమ్మకు ఉండేది సుమారు లక్ష చుక్కలు. నల్లబట్టల మనుషులు నల్లటి ఇంట్లో అర్ధరాత్రి తిరిగే సినిమాలో ఆ లక్షలో ఎన్ని నల్లగా ఉంటాయో మీరే లెక్కేసుకోండి. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని దాన్ని ఆకాశవాణి నాటకంలా విన్నాం. ఆ సీడీ తిరిగి ఇవ్వడం కూడా మరిచిపోయాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చినప్పుడు సీడీ పోయింది, అద్దె షాపు పోయింది, నా బాకీ రాసిన నోటుపుస్తకమూ పోయింది. ఆ వరద మా ఇంటికి చేసిన మేలు అదొక్కటే.

ఇప్పుడు అదే సినిమా రీమాస్టర్ చేసిన, అంటే పాత ఫిల్మును కడిగి కొత్తగా తేటపరిచిన, బ్లూరే డిస్కుగా నా చేతికొచ్చింది. ఇందులో బొమ్మకు 20 లక్షల 73 వేల చుక్కలు. మా టీవీకి 83 లక్షలు కావాలి. తక్కువ పడినవాటిని అదే పక్క చుక్కల్ని చూసి ఊహించుకుని నింపుకుంటుంది. ఇందులో వింతేమీ లేదు. కోస్తా వాళ్లు ఒక సినిమా చూసి మిగతా రాయలసీమనంతా నింపుకుంటున్నది ఇదే పద్ధతిలో.

డిస్కు ధర ఎంతో రాయను. మా ఆవిడ ఇది చదువుతుంది.

చూసిన సందర్భం కూడా చెప్పాలి, ఎందుకంటే సమీక్షలో సగం అదే. మా చిన్నాయన కూతుర్ని తెనాలి అబ్బాయికి ఇచ్చాం. కొత్త అల్లుడు మొదటిసారి ఊరికొచ్చాడు. బస్టాండు నుంచి నేనే తీసుకొచ్చాను. కొండారెడ్డి బురుజు దగ్గరికి రాగానే కారు అద్దం దించి, గొంతు తగ్గించి, "ఇక్కడేనా బావగారూ?" అన్నాడు. ఏది ఇక్కడ అని నేను అడగలేదు. ఆ బురుజు పక్కన హీరో విలన్‌ను కొట్టిన సినిమా వచ్చి రెండు దశాబ్దాలు దాటినా, బయటి ఊరి చుట్టాల దృష్టిలో అక్కడ ఇంకా కొట్లాట జరుగుతూనే ఉంది. ఇక్కడే బావా అన్నాను. పదిహేడో శతాబ్దంలో ఆలంపురం కొండారెడ్డిని ఇందులోనే బంధించారట, అందుకే ఆ పేరు అని చరిత్ర కూడా చెప్పాను. బంధించిన దొర పేరు ఎవరికీ పట్టలేదు, బందీ పేరే బురుజుకు మిగిలిపోయింది అని, ఇందులో మా ఊరి మర్యాద చూడమన్నాను. అతను అద్దం పైకెత్తేశాడు.

రాత్రి సంగటి, నాటుకోడి పులుసు, ఆపైన నెయ్యి వేసిన ఓళిగలు. కదల్లేని స్థితికి తెచ్చి అల్లుణ్ని టీవీ ముందు కూర్చోబెట్టాం. చిన్నాయన, పిన్నమ్మ, మా నాయన, తొంభై దాటిన మా అవ్వ, అందరూ చేరారు. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు కాబట్టి అవ్వకు అనువాదం నా పని.

సినిమాలోని ఆడమ్స్ కుటుంబానికి మూలం చార్లెస్ ఆడమ్స్ అనే వ్యంగ్య చిత్రకారుడు. 1938 నుంచి 'న్యూయార్కర్' పత్రికలో వీళ్ల బొమ్మలు గీశాడు. 1964లో టీవీ సీరియల్ అయింది. 1991లో బ్యారీ సోనెన్‌ఫెల్డ్ దర్శకత్వంలో సినిమా వచ్చింది, అమెరికాలో 11 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 1993 నవంబరులో అదే దర్శకుడి రెండో భాగం వచ్చింది, నా డిస్కులోది అదే. మొదటిదానికన్నా ఎంతో మంచి సినిమా, అందుకే కాబోలు ఐదు కోట్లు కూడా దాటలేదు. కథ ఇది: ఇంట్లో మూడో బిడ్డ పుడతాడు, పుట్టుకతోనే తండ్రిలా మీసంతో. వాణ్ని చూసుకోవడానికి డెబీ అనే ఆయా వస్తుంది. డబ్బున్న మగవాళ్లను పెండ్లాడి తొలిరాత్రే చంపడం ఆమె వృత్తి. ఆమె కన్ను ఇంటి పెద్దాయన ఫెస్టర్ మీద పడుతుంది. పిల్లలకు అతను అంకుల్, అంటే పెద్దనాయన. నేను అవ్వకు అలాగే చెప్పాను. అప్పటిదాకా అరమోడ్పుగా ఉన్న అవ్వ, ముసలి బ్రహ్మచారి పెద్దనాయనకు పెండ్లి అనగానే నిటారుగా కూర్చుంది.

ఇక రీమాస్టర్ సంగతి. ఇంటి యజమాని గోమెజ్ కోటుకు చారలున్నాయి! ఇన్నేళ్లూ అది ఉత్త నల్లకోటు అనుకున్నాను. అతని పెళ్లాం మోర్టీషియా వేషం వేసిన యాంజెలికా హ్యూస్టన్ ఎక్కడ నిలబడినా కళ్ల మీద మాత్రం ఒక సన్నటి వెలుగు పట్టీ పడుతూ ఉంటుంది. మిగతా ముఖం నీడలో ఉన్నా సరే. వీసీడీలో ఆ వెలుగును నేను సీడీ మీద గీత అనుకుని అంగీతో తుడిచాను. ఈ సెట్లు వేసిన కెన్ ఆడమ్, పాత జేమ్స్ బాండ్ సినిమాల రహస్య స్థావరాలు కట్టినాయన. ఈ సినిమాకూ ఆస్కార్ నామినేషన్ దక్కింది. గోమెజ్‌గా నటించిన రౌల్ జూలియా 1994 అక్టోబరులోనే కన్నుమూశాడు. పెళ్లాన్ని చూసినప్పుడల్లా ఆయన ముఖంలో వెలిగేది మాత్రం ఏ ల్యాబూ కొత్తగా పెట్టింది కాదు. వీసీడీ చీకట్లోనూ అది కనబడేది.

కథలో పెద్దపిల్లలిద్దరూ తమ్ముణ్ని వదిలించుకోవాలని చూస్తారు. తల నరికే గిలటిన్ యంత్రం కింద పెడతారు, మేడ మీద నుంచి కిందికి వదులుతారు. తెనాలి బావ "అయ్యయ్యో" అన్నాడు. అవ్వ మాత్రం తేలిగ్గా తీసుకుంది.

"కొత్త బిడ్డ పుడితే పెద్దోళ్లకు కుళ్లు ఉంటాదిలే నాయనా. వీళ్ల నాయన కూడా మీ మామను జొన్నల పాతర్లో దించి మూత పెట్టినాడు. వెతికి వెతికి బయటికి తీసినాం."

చిన్నాయన గర్వంగా నవ్వాడు. మా నాయన సిగ్గుపడ్డాడు. బావ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఆ పిల్లల్ని తర్వాత ఒక వేసవి శిబిరానికి పంపుతారు. నన్నడిగితే ఈ సినిమాలో అసలైన భయానక దృశ్యాలు అక్కడే ఉన్నాయి. అంతటా లేత రంగులు, పాటలు, నవ్వు ముఖాలు, ఎప్పుడూ ఉత్సాహంగా ఉండే ఇద్దరు నిర్వాహకులు. నవ్వని పిల్లల్ని ఒక గుడిసెలో వేసి, మంచి మంచి కుటుంబ చిత్రాలు చూపించి మార్చాలని చూస్తారు. బయటికొచ్చాక ఆ ఇంటి కూతురు వెన్స్‌డే నెమ్మదిగా, ఒక్కో కండరాన్నీ బలవంతంగా లాగి నవ్వుతుంది. క్రిస్టినా రిచీకి అప్పుడు పదమూడేళ్లు. ఆ నవ్వు చూసి తోటి పిల్లలు హడలిపోతారు. 20 లక్షల చుక్కల్లో ఆ నవ్వు చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే దాన్ని నేను ముందే చూశాను. మా ఊళ్లో ప్రతి కూడలిలో, రెసిడెన్షియల్ కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీల మీద, వరసగా పాస్‌పోర్టు సైజులో ఉండేది అదే నవ్వు.

"ఆ పాపను ఎందుకట్ల నగిస్తాండారు? కడుపునొప్పేమో అడగండప్పా" అంది అవ్వ. నిర్వాహకుల్ని అడిగే వీలు లేదని అనువదించాను.

ఇంతలో పెద్దనాయన పెండ్లి అయిపోయింది. డెబీ అతణ్ని అన్నదమ్ములకు దూరం చేసి పెద్ద బంగళాలో కాపురం పెడుతుంది. "వేరు కాపురం" అన్నాను. హత్యల దగ్గర చెక్కుచెదరని అవ్వ అక్కడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ బంగళాకు వెళ్లిన మోర్టీషియా తన బాధ చెబుతుంది. మా బావగారిని వలలో వేసుకున్నావు, మాకు కాకుండా చేశావు, అవన్నీ ఓర్చుకోవచ్చు, కానీ ఈ లేత రంగులేమిటమ్మా అన్న ధోరణిలో సాగుతుంది ఆ మాట. మా పిన్నమ్మ చప్పట్లు కొట్టింది. కొత్తగా ఫ్లాటు కొన్నవాళ్ల గృహప్రవేశాలకు వెళ్లి వెళ్లి ఆమె మనసులో అణిగి ఉన్న మాట అది. ఆ పీచు రంగు గోడల ముందు నిలబడి 'ఎంత కళగా ఉందో' అని ఎన్నిసార్లు అబద్ధం చెప్పిందో పాపం.

సరిగ్గా ఇక్కడ సినిమాలో బాంబు పేలింది. మొగుణ్ని చంపడానికి డెబీ ఆ బంగళానే పేల్చేస్తుంది. ఫెస్టర్‌కు ఏమీ కాదు. గదంతా నిశ్శబ్దం. బావ నా వైపు వంగి, శాస్త్రజ్ఞుణ్ని అడిగినంత వినయంగా అడిగాడు.

"బావగారూ, నిజంగా అంత సౌండ్ వస్తదా?"

నాకు నలభై ఏడేళ్లు. నా జీవితంలో దగ్గరగా చూసిన బాంబు లక్ష్మీబాంబు. అదీ ఒత్తికి అగరుబత్తి ఆనించి, చెవులు మూసుకుని, వెనక్కి పరిగెత్తి. కానీ అడిగినవాడు ఇంటి అల్లుడు. అతని నమ్మకాన్ని వమ్ము చేయడం మర్యాద కాదు. "గదిలో అయితే ఇంకా ఎక్కువ వస్తుంది బావా" అన్నాను. మా నాయన తల ఊపాడు. ఆయన పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు.

అల్లుడి నమ్మకాన్ని పెంచిన నేరం మాదొక్కరిదే కాదు, సినిమావాళ్లదీ. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పగించిన జిల్లాలు కాబట్టి ఇంగ్లీషులో 'సీడెడ్', తెలుగులో దత్తమండలాలు. ఆ పేరు అవమానంగా ఉందని 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్నారు. దేశమంతా పేరు మార్చుకుంది. ఒక్క సినిమా వ్యాపారం మాత్రం ఇవాళ్టికీ వసూళ్ల పట్టికలో నైజాం కింద మమ్మల్ని 'సీడెడ్' అనే వేస్తుంది. ఎన్ని పాత సినిమాలకు 4కె రీమాస్టర్ చేయించి, థియేటర్లలో కాగితాలు ఎగరేశారో! అదే ల్యాబులో ఈ ఒక్క మాటను కూడా కడిగించి ఉంటే బాగుండేది. రక్తం మాత్రం ప్రతి రీ-రిలీజుకూ ఇంకాస్త ఎర్రగా వస్తోంది.

చివరికి డెబీ కుటుంబం మొత్తాన్ని విద్యుత్ కుర్చీల్లో కట్టేసి, తను చేసిన హత్యల ఫొటోలు తెరమీద వేసి చూపిస్తుంది. చిన్నప్పుడు అడిగిన బొమ్మ కాకుండా వేరే బొమ్మ కొనిచ్చారని కన్నవాళ్లను తగలబెట్టానంటుంది. ఆ కుటుంబం ఏం చేసిందో చూడండి. కుర్చీల్లో కట్టేసి ఉండి కూడా ఆమె కష్టాన్ని శ్రద్ధగా విన్నారు, జాలిపడ్డారు. ఈ సినిమాను చీకటి హాస్యం అంటున్నారు పండితులు. నాకు చీకటి ఎక్కడా కనబడలేదు. ఇంటికొచ్చిన మనిషి ఎలాంటిదైనా మాట మధ్యలో తుంచకూడదన్న పెంపకం కనబడింది. మేమూ అంతే. అల్లుడు వచ్చినప్పటి నుంచి కత్తుల గురించి, బాంబుల గురించి ఎన్ని అడిగాడో. ఒక్కసారైనా విసుక్కున్నామా? వడ్డిస్తూనే ఉన్నాం.

డెబీ స్విచ్చు మీద చెయ్యి వేసింది. కరెంటు పోయింది. మా ఇంట్లో.

కటిక చీకటి. ఇన్వర్టరు బ్యాటరీ అయిపోయి నెలైంది, అదే డబ్బుతో డిస్కు కొన్నాను. బావ సోఫాలోంచి ఒక్క ఎగురు ఎగిరినట్టు చప్పుడైంది. ఏదో స్టీలు గ్లాసు దొర్లుకుంటూ పోయింది. అప్పుడు అవ్వ చీకట్లోంచి, తన జన్మలో ఎన్నడూ లేనంత ప్రేమగా అంది.

"బయపడొద్దు నాయనా. మేమందరం నీ సుట్టూరానే ఉండాం."

కరెంటు వచ్చేసరికి పావుగంట పట్టింది. సోఫాలో అల్లుడు లేడు. వెతికితే వాకిట్లో వేపచెట్టు కింద ఫోన్ చెవికి ఆనించుకుని, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. తెనాలికి చేసినట్టున్నాడు.

"బానే చూస్తన్నారమ్మా... లేదమ్మా, ఎవరూ ఏం అనలేదు... అదేనమ్మా, మరీ బాగా చూస్తన్నారు."